పెట్టెలో మొదటి స్లైడు

మలేరియా స్లైడు చదవడం నేర్పేటప్పుడు మీకు ఒక మాట చెప్పే ఉంటారు. మందపాటి చుక్కలో వంద ఫీల్డులు, అంటే లెన్సు కింద ఒక్కో చూపుకి అందే వంద గుండ్రటి జాగాలు, చూడనిదే నెగటివ్ అని రాయకూడదు. వంద అంటే వందే. తొంభై దగ్గర మెడ నొప్పెట్టిందని లేవకూడదు. ఈ మాట నేను కూడా చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా ఎదురుగా కూర్చున్న పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు. ఒకప్పుడు నేనూ అలాగే రాసుకున్నాను. రాసుకోవడంలో ఎవరికీ కష్టం లేదు.

ఇరవయ్యేళ్ళ సర్వీసు నిండగానే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాను. కొత్తగా ల్యాబుల్లో చేరిన మీలాంటివాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, “మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి” అంటారు. అనుభవాలంటే మీ ఉద్దేశం ఘనకార్యాలని నాకు తెలుసు. అవి నా దగ్గర లేవు. ఉన్నదొకటే ఉంది, అదే రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. కొందరికి ఆ పేర్లతో ఇంకా గౌరవం జరుగుతోంది. ఒకతని గౌరవం నా వల్లే పోయింది. దాన్ని పేరుతో సహా మళ్ళీ వీధిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి దేశంలో మలేరియా పోయిందని సంబరపడ్డ పెద్దలందరూ ఇబ్బందిగా మొహాలు తిప్పుకుంటున్నారు. పోయిందన్నది తిరిగొచ్చింది. జువాలజీ డిగ్రీ ఉన్న నాకు దాని పుణ్యమాని ఉద్యోగం వచ్చింది. మా ల్యాబు వన్ టౌన్‌లో ఒక పాత మేడ మీద ఉండేది. కిటికీ తెరిస్తే పోర్టులో ఓడలకెక్కించే ఇనప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి బల్లల మీద వాలేది. మూస్తే ఊపిరాడేది కాదు. తెరవాలా మూయాలా అన్నదాని మీద నేను నెలకోసారైనా ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకునేదాన్ని. నాకు నోరెక్కువని ఆఫీసులో అందరూ అనేవారు. కాదని వాళ్ళతోనూ వాదించేదాన్ని.

పని జరిగే తీరు ఇది. ఊరిని ముక్కలు చేసి ఒక్కో ముక్కని ఒక్కో వర్కరుకి ఇచ్చేవారు. అతను పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ వెళ్ళి, జ్వరం ఎవరికైనా వచ్చిందా అని అడగాలి. వచ్చినవాళ్ళ వేలు పొడిచి రెండు రక్తపు చుక్కలు గాజు పలక మీద పట్టాలి, నాలుగు మాత్రలు ఎదురుగా మింగించాలి. ఎవరి రక్తమో ఫారంలో వరసగా రాయాలి. ఆ పలకలు పెట్టెలో పేర్చుకుని మా దగ్గరికి వస్తాయి. రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి, పురుగు ఉందో లేదో మేం రాస్తాం. ఉందని రాస్తే మనుషులు కదులుతారు, ఆ ఇంటికి పూర్తి మందు వెళ్తుంది, దోమల మందు కొట్టేవాళ్ళు వెళ్తారు. లేదని రాస్తే ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. మేం రాసిన అంకెలు జిల్లాకి, అక్కడినుంచి హైదరాబాదుకి, అక్కడినుంచి ఢిల్లీకి పోయేవి. ఢిల్లీలో ఎవరో వాటిని కూడి దేశానికి ఎంత జ్వరం ఉందో చెప్పేవారు.

పలకలకి రంగు వేసేదీ, నెగటివ్ వచ్చినవాటిని కడిగి మళ్ళీ వాడకానికి సిద్ధం చేసేదీ మా అటెండరు. వన్ టౌన్‌లోనే పుట్టి పెరిగిన పెద్దాయన. మేమంతా భాయ్ గారూ అని పిలిచేవాళ్ళం. నన్ను ఆయన బేటీ అనేవాడు. చదువు నాలుగో తరగతి. రంగు వేసిన చుక్కని కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుని, “ఇది బాలింత రక్తం”, “ఇది సారా తాగేవాడిది” అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఎన్నిసార్లు నిజమైందో లెక్క పెట్టలేదు. పెట్టి ఉంటే నవ్వు ఆగిపోయేది.

ఇక నేను చెప్పదలచుకున్న వర్కరు. శ్రీకాకుళం వైపు పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటినుంచి వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పాత సైకిలు, దానికి వేలాడే రేకు పెట్టె, అందులో సూదులు, పలకలు, మాత్రలు. జాలరిపేట, దాని చుట్టుపక్కల వీధులు అతనివి. జనం అతన్ని ‘రగతాల బాబు’ అనేవారు.

అతని పెట్టెలు ఎప్పుడూ నిండుగా వచ్చేవి. టార్గెట్ తప్పిందని చివాట్లు తినని వర్కరు యూనిట్ మొత్తంలో అతనొక్కడే. మీటింగుల్లో మా ఆఫీసరు అతన్ని నిలబెట్టి మరీ మెచ్చుకునేవారు. నాకు అక్కడే అనుమానం వచ్చి ఉండాలి. రాలేదు. ఒకరోజు వరసగా అతని పలకలు చూస్తుంటే, ఎక్కడో చూసిన మొహం మళ్ళీ మళ్ళీ ఎదురైనట్టు అనిపించింది. తెల్లకణాల్లో ఒక రకం ఉంటాయి, కడుపునిండా నారింజ రంగు గింజలు పోసినట్టుంటాయి. మామూలు మనిషి రక్తంలో వెతికితే ఒకటో రెండో దొరుకుతాయి. ఇతను తెచ్చిన ప్రతి చుక్కలోనూ అవి గుంపులు గుంపులుగా ఉన్నాయి. ముసలివాళ్ళ చుక్కలోనూ అవే, పసిపిల్లల చుక్కలోనూ అవే.

మర్నాడు అతను వచ్చినప్పుడు అందరి ముందే అడిగాను.

“ఏమయ్యా, ఈ ముసలమ్మకి అరవయ్యేళ్ళు. ఈ పాపకి రెండేళ్ళు. ఇద్దరిదీ ఒకే రక్తం ఎలా అయింది?”

“ఒకే ఇల్లు కదండీ మేడమ్ గారూ.”

“పక్క వీధి కిళ్ళీ కొట్టతనిదీ అదే రక్తం. అతనూ ఆ ఇంటివాడేనా?”

భాయ్ గారు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. వర్కరు కాసేపు తల గోక్కున్నాడు. తరవాత రెండు చేతులూ చాపి చూపించాడు. పది వేళ్ళ చివర్లూ నల్లటి చుక్కలతో జల్లెడలా ఉన్నాయి.

“నాను దొంగనే మేడమ్. ఒప్పుకుంతన్నాను. కానైతే ఒక మాట సెప్పండి. జొరం నేనోళ్ళు ఏలు ఇవ్వరు. జొరం ఉన్నోళ్ళు అసలే ఇవ్వరు. రగతం తీసి ఆపరేసనుకి లాక్కుపోతారని ఆళ్ళ బయం. మొన్న సేపలమ్మే ఆడోళ్ళు బుట్టలట్టుకుని ఎంటపడ్డారు. సారేమో పెట్టె నింపుకునే రమ్మంటారు. ఏటి సెయ్యమంటారు? నా సేతులకి ఉన్నవి పది ఏళ్ళే కదా.”

“కాళ్ళకి కూడా పది ఉన్నాయి” అన్నాను.

గది గదంతా నవ్వింది. ఆ మాట అన్నందుకు నాకు చాలా రోజులు గర్వంగా ఉండేది. ఆపరేషను భయం నిజమే. బలవంతంగా కుటుంబ నియంత్రణ చేయించిన రోజులు గడిచి అప్పటికి ఎంతో కాలం కాలేదు, తెల్ల చొక్కా వేసుకుని సూది పట్టుకున్నవాడెవడైనా జనానికి ఒకటే. అది నాకు తెలుసు. తెలిసీ కాళ్ళ వేళ్ళ మాట అన్నాను.

ఇంకొకటి కూడా తెలుసు. రక్తంలో ఆ నారింజ గింజలు అన్నేసి ఉన్న మనిషిని ఎందుకున్నాయో పరీక్ష చేయించుకోమని చెప్పాలి. కడుపులో పురుగులు కావచ్చు, మా తీరంలో ఇంటింటా ఉండే బోదకాలు జబ్బు కావచ్చు. నాకది తట్టలేదు. అతని రక్తం నాకు అతన్ని పట్టుకునే ఆనవాలుగానే పనికొచ్చింది.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన గుంటూరు వైపు డాక్టరు, నెమ్మదస్తుడు. ఎంత పెద్ద విషయమైనా చల్లారబెట్టి అవతల పెట్టే నేర్పు ఆయనది.

“నెగటివే వస్తోంది కదమ్మా?”

“అతనికి మలేరియా లేదు కాబట్టి నెగటివ్ వస్తోందండి.”

“నెగటివ్ వస్తే దేశానికి మంచిదే కదా.”

“ఆ చుక్కలు దేశానివి కావు సార్, ఒక్క మనిషివి.”

“ఆ మనిషి కూడా దేశంలోవాడేనమ్మా” అని ఫైలు మూసేశారు.

నేను ఊరుకునే రకం కాదు. కాగితం మీద పెట్టాను. ఫలానా వర్కరు సొంత రక్తం పట్టి తెస్తున్నాడని, వివరాలతో, తేదీలతో. జవాబు లేదు. రెండో సారి రాశాను. ఈ లోపు అతను కొంచెం తెలివి మీరి పెళ్ళాం రక్తం కూడా కలిపాడు. నాకు రెండో మొహం కూడా గుర్తుపట్టడం వచ్చేసింది. మూడోసారి రాశాను. మూడు కాగితాలూ ఫైల్లోకి వెళ్ళాయి. అతను మాత్రం నెలనెలా నిండు పెట్టె తెస్తూనే ఉన్నాడు.

అప్పుడు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. అతని పెట్టె రాగానే మొదటి పలక తీసి చూసేదాన్ని. నారింజ గింజల గుంపు కనపడిందా, ఇక తక్కినవి ముట్టుకోకుండా రిజిస్టరులో వరసగా నెగటివ్ రాసేదాన్ని. ఒకడి రక్తాన్ని నెలకి వందసార్లు చూడడానికి నా కళ్ళు ప్రభుత్వానికి రాసివ్వలేదని అనుకునేదాన్ని. అదో రకం నిరసన అనుకున్నానంటే మీరు నమ్మాలి. చూడకుండా చూశానని రాయడం, వెళ్ళకుండా వెళ్ళానని రాయడం, ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో అప్పట్లో నన్ను అడిగి ఉంటే గంటసేపు వాదించేదాన్ని.

ఎనభయ్యో దశకం మొదట్లో గాజువాక అవతల ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాయి. తవ్విన గోతులు, గోతుల్లో నీళ్ళు, నీళ్ళ పక్కన ఎక్కడెక్కడినుంచో వచ్చిన కూలీల గుడిసెలు. ఒరిస్సా కొండల వైపునుంచి వచ్చినవాళ్ళు అందులో ఎక్కువ. మా యూనిట్ లెక్కల్లో ఆ జనం ఎవరి ముక్కలోకీ రారు. వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఆఫీసరు ఆ క్యాంపుల్ని మన రగతాల బాబుకే తగిలించారు. ఎలాగూ అతని పెట్టె నిండుతుంది కదా అని.

ఒక గురువారం మధ్యాహ్నం అతను సైకిలు దిగి మెట్లెక్కి వచ్చాడు. మామూలుగా పెట్టె భాయ్ గారి చేతిలో పెట్టేసి పోయేవాడు. ఆ రోజు నా బల్ల దగ్గరికే వచ్చాడు. చెప్పులనిండా ఎర్రమట్టి.

“మేడమ్, ఈ పాలి క్యాంపుకెల్లేను. ఏ గుడిసెలో సూసినా మనిసి పడుకునే ఉన్నాడు. జొరాలే జొరాలు. బేగి సూసి సెప్పండి.”

“నువ్వు తెచ్చేవన్నీ బేగి చూడాల్సినవే.”

“ఈ పాలి నిజవేనండి.”

“కిందటిసారి కూడా నిజమేగా?”

అతను పెట్టె నా ముందుకి జరిపాడు. “సూడండి మేడమ్. మీరు సూత్తే మీకే తెలిసిపోద్ది” అని వెళ్ళిపోయాడు.

భాయ్ గారు రంగు వేసి ఇచ్చాక నేను చూశాను. మొదటి పలక. లెన్సు కిందకి రాగానే నారింజ గింజలు, గుంపులు గుంపులుగా, నా పాత చుట్టాలు. నవ్వొచ్చింది. ఇంత నాటకం ఆడి మళ్ళీ అదే వేలా అనుకున్నాను. పెట్టె మూసి రిజిస్టరు తెరిచాను.

సింకు దగ్గరనుంచి భాయ్ గారు అన్నాడు, “బేటీ, తక్కినవి చూడవా?”

“చూసేదేముంది?”

“రంగు వేసినప్పుడు చూశాను. మొదటిదొక్కటే చిక్కగా ఉంది. మిగతా చుక్కలు పలక మీద నిలవలేదు, నీళ్ళలా జారాయి. ఇవి వాడివి కావు. ఒంట్లో రక్తం లేనోళ్ళ రక్తం ఇది.”

“భాయ్ గారూ, చూడడానికి నేనున్నాను.”

“చూడు మరి.”

“చూశాను. అతనిదే.”

“ఒకటి చూశావు. పెట్టెలో నలభై ఉన్నాయి.”

“ఒకడి రక్తం నలభై సార్లు చూడాలా నేను?”

“నలభై సార్లు చూడమనే కదమ్మా నీకు ఉద్యోగం ఇచ్చింది.”

“మీకు ఇచ్చింది కడగడానికి” అన్నాను.

ఆయన సింకు వైపు తిరిగాడు. ఆ వాదనలో నేనే గెలిచాను. నలభై గళ్ళకీ కలిపి నెగటివ్ అని సంతకం పెట్టాను. ఒక్కో గడిలో రాయడం విసుగనిపించి, మొదటి గడిలో రాసి కింద వరకూ గీత గీశాను.

రెండు వారాల తరవాత పెద్దాసుపత్రినుంచి మా ఆఫీసుకి ఉత్తరం వచ్చింది. ఫలానా క్యాంపులో రాళ్ళు మోసే ఒక ఆడమనిషిని స్పృహ లేకుండా తీసుకొచ్చారు, మెదడుకెక్కే రకం మలేరియా, మూడో రోజు పోయింది, ఆ క్యాంపులో మీ పర్యవేక్షణ వివరాలు తెలపండి. ఆమె పేరూ మొగుడి పేరూ ఉన్నాయి. ఉత్తరం ముందు నా బల్ల మీదకే వచ్చింది, రిజిస్టరు నా దగ్గర కాబట్టి.

నేను చేసిన మొదటి పని సింకు దగ్గరికి పరిగెత్తడం. నెగటివ్ పలకలు పదిరోజుల్లో కడిగేస్తాం. కడిగేసి ఉండాలని కోరుకున్నానో, ఉండకూడదని కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

భాయ్ గారు వంగి సింకు కిందనుంచి పెట్టె తీశాడు. పైన మూతకి దారం కట్టి ఉంది.

“కడగలేదు. నువ్వు అడుగుతావని ఉంచాను” అన్నాడు.

దాంతోపాటు మడిచిన ఫారం. అంతవరకూ నేను దాన్ని విప్పనే లేదు. అంకెలు చూసి రాసేదాన్ని గానీ పేర్లు చదివేదాన్ని కాదు. విప్పాను. ఒకటో వరసలో ఉన్నది అతని పేరే. తండ్రి పేరుతో, వయసుతో సహా. ఎదురుగా గడిలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: ‘వీరికి భయం పోవుటకు ముందు నా వేలు పొడిచి చూపించితిని.’

రెండో వరసనుంచి నోరు తిరగని పేర్లు. పద్దెనిమిదో వరసలో ఆమె. ‘మూడవ నెల. వాంతులు. మాత్రలు నా ఎదుట మింగినది, రెండు కక్కినది, మరల ఇచ్చితిని.’

పద్దెనిమిదో పలక లెన్సు కింద పెట్టాను. వంద ఫీల్డులు అక్కర్లేకపోయింది. మొదటి ఫీల్డులోనే మలేరియా పురుగులు ఉన్నాయి, సన్నటి ఉంగరాల్లా, ఒక్కోచోట అరటిపండులా వంగి. పంతొమ్మిది, ఇరవై, ఇరవైఒకటి చూశాను. ఆ సాయంత్రానికి తక్కినవన్నీ చూశాను. సగానికి పైగా పలకల్లో ఉన్నాయి. ఆ రోజు నా చేతిలో ఉన్న చిత్తు కాగితం మీద వాళ్ళ నంబర్లు వరసగా రాసుకున్నాను. చక్కటి చేతిరాత నాది.

ఆ కాగితం పట్టుకుని లేచేసరికి బయట జీపు బయలుదేరుతోంది. ఉత్తరం గురించి విని ఆఫీసరు క్యాంపు మొత్తానికి మందు ఇవ్వమని అప్పటికే మనుషుల్ని పంపించారు. అందరికీ ఇస్తున్నారు కాబట్టి నా జాబితా ఎవరికీ అవసరం లేదని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతవరకు నిజం కూడా. ఆ ‘కొంతవరకు’ పట్టుకుని చాలా దూరం పోవచ్చు. నేను పోయాను.

మర్నాడు పొద్దున ఆఫీసరు గదిలోకి పిలుపు. ఆయన సింహాచలం వెళ్ళొచ్చారు, నుదుట చందనం ఇంకా తడిగా ఉంది. పక్కన మా సీనియర్ ఇనస్పెక్టరు. ఎదురుగా నిలబడి ఉన్నాడు అతను, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని. మెచ్చుకోడానికి పిలిచారనుకున్నాడేమో.

ఆఫీసరు నెమ్మదిగా అడిగారు, “క్యాంపుకి వెళ్ళావా?”

“ఎల్లేనండి. నాలుగు రోజులు ఎల్లేను. రగతం తీసేను. మేడమ్ గారు సూసేరు, ఏటీ నేదని రాసేరు. మేడమ్ గారే నేదన్న తరవాత నాకేటి తెలుత్తాదండి?”

“మేడమ్ గారు నీ గురించి ఏం రాశారో నీకు తెలుసా?”

ఫైలు తెరిచారు. నా మూడు కాగితాలూ అందులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ జవాబు లేని నా కాగితాలు. ఒక్కొక్కటే పైకి చదివారు. తేదీలతో, వివరాలతో. నా వాక్యాలు ఎంత పదునుగా ఉన్నాయో అప్పుడు విన్నాను. 

అతను నా వైపు తిరిగాడు. కోపం లేదు మొహంలో. “అయ్యి పాతవి కదా మేడమ్. ఈ పాలి నాను నిజంగా ఎల్లేను. మీరు సూసేరు కదేటి. మీరే సెప్పండి సారుకి.”

“చెప్పమ్మా” అన్నారు ఆఫీసరు. “ఆ పెట్టెలో అతని రక్తం ఉందా, లేదా?”

నేను ఏం చెప్పాలో రాత్రంతా అనుకునే వచ్చాను. చూడలేదని చెప్పాలి. గీత గీశానని చెప్పాలి. చిత్తు కాగితం, ఫారం రెండూ నా చేతిసంచిలో ఉన్నాయి, సంచి నా ఒళ్ళో ఉంది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం వేరు. ఎంత సన్నటి సందు వదిలారో ఆయనకి తెలుసని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు నాకు సందు ఒక్కటే కనిపించింది.

“మొదటి స్లైడు అతనిదే” అన్నాను.

“అవునండి, అది నాదే” అన్నాడు అతను వెంటనే, నేను అతని పక్షాన మాట్లాడుతున్నాననుకుని. “ముందు నా ఏలు పొడుసుకుని సూపించేను. నేపోతే ఆళ్ళు ఏలివ్వరు. దాసలేదండి, కాయితంలో కూడా రాసేను. మేడమ్ గారిని సూడమనండి.”

“ఫారం ఏదమ్మా?” అడిగారు ఇనస్పెక్టరు.

“వెతకాలి” అన్నాను.

మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. రెండూ కలిపి అరనిమిషం కూడా పట్టలేదు. జీవితంలో పనికిమాలిన ప్రతి విషయానికీ వాదించినదాన్ని, వాదించాల్సిన ఒక్క రోజు రెండు ముక్కల్లో ముగించాను.

“రక్తం తనదేనని ఒప్పుకున్నాడు” అని ఆఫీసరు ఇనస్పెక్టరుతో అన్నారు. అతనిది టెంపరరీ ఉద్యోగం, ఒక్క కాగితంతో పోయింది. నాకు మెమో కాదు కదా, మాట కూడా రాలేదు. పైగా, వర్కర్ల అవకతవకల్ని ల్యాబు ముందే గుర్తించి హెచ్చరించిందని పైకి వెళ్ళిన రిపోర్టులో ఒక వాక్యం ఉంది. ఆ ల్యాబు అంటే నేనే.

గదిలోంచి బయటికి వస్తుంటే ఆఫీసరు అన్నారు, “ఆ పాత స్లైడ్లు ఇంకా ఉంచారటగా. కడిగించెయ్యమ్మా, వర్కర్లకి కొరతగా ఉంది.”

భాయ్ గారు పెట్టె చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. నేను వద్దంటే ఆగేవాడు. నా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. వెనకనుంచి కుళాయి తిప్పిన చప్పుడు, గాజు మీద గాజు తగిలే చప్పుడు చాలాసేపు వినిపించింది. నలభై పలకలు కడగడానికి మామూలుగా ఆయనకి అంతసేపు పట్టదు. ఆ రోజునుంచి రిటైరయ్యేదాకా ఆయన నన్ను బేటీ అనలేదు. మేడమ్ అనేవాడు, ఎంతో మర్యాదగా.

క్యాంపులో ఇంకెంతమంది పోయారో నాకు తెలియదు. నెల తిరక్కుండా ఆ జనాన్ని వేరే పనికి తరలించారు. ఆమె మొగుడు ఎటు వెళ్ళాడో కనుక్కోవడం కష్టం కాదు. నేను కనుక్కోలేదు.

ఆ తరవాత ఉద్యోగం మానేదాకా చూడకుండా ఒక్క పలక మీద కూడా నెగటివ్ రాయలేదు. కొత్తవాళ్ళకి నేర్పమని నన్నే పెట్టారు. కఠినమైన మనిషి, నిజాయితీపరురాలు అని పేరొచ్చింది. కాదని వాదించలేదు.

ఏడెనిమిదేళ్ళ తరవాత, ఎనభైల చివర్లో, ఒక ఉదయం ల్యాబు తలుపు దగ్గర ఒక జంట నిలబడ్డారు. ముందు ఆమెని చూశాను, దుప్పటి కప్పుకుని వణుకుతోంది. తరవాత అతన్ని చూశాను. జుట్టు నెరిసింది. ఎడమ కాలు మోకాలి కిందనుంచి వాచి స్తంభంలా ఉంది. నా పాత నారింజ గింజలకీ ఆ కాలికీ సంబంధం ఉందో లేదో ఖచ్చితంగా చెప్పలేను. లేదని మాత్రం చెప్పలేను.

“మేడమ్ గారూ, బాగున్నారా? మా ఆడది. నాలుగు రోజులనించి జొరం.”

ఆమె వేలు చాపి, పళ్ళు టకటక కొట్టుకుంటుంటేనే నవ్వింది. “నా రగతం మీకు కొత్తేటి కాదు కదమ్మా. అప్పట్లో ఈయన ఎన్ని దపాలు పంపేడో.”

వేలు నేనే పొడిచాను. రంగు నేనే వేశాను. వంద ఫీల్డులు చూశాను. ఏమీ లేదు. నమ్మకం కలగక ఇంకో వంద చూశాను. బెంచీ మీద అతను వాచిన కాలు చాపుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. గాజువాకలో సైకిళ్ళు బాగుచేస్తున్నాడట.

“నెగటివ్. మలేరియా లేదు. వేరే జ్వరం, డాక్టరుకి చూపించు” అన్నాను.

“బాగా సూసేరా మేడమ్?”

“రెండు వందల ఫీల్డులు చూశాను.”

“ఒక్క సలైడుకే?” అన్నాడు.

నేను తలెత్తాను. అతని మొహంలో వెటకారం కోసం వెతికాను. ఉంటే బాగుండేది, దానికి జవాబు చెప్పడం నాకు వచ్చు.

“భాయ్ గారు సెప్పేరులెండి అప్పట్లోనే” అన్నాడు, లేచి పెళ్ళాం భుజం చుట్టూ దుప్పటి సర్దుతూ. “ఆ పెట్టె తరవాత మీరు పెతీదీ సూత్తన్నారంట. అందుకే మరో సోటికి ఎల్లలేదు. ఇక్కడికే తెచ్చేను.”

ఆనాటి అతని క్యాంపు ఫారం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒకటో వరసలో అతని పేరు. చెయ్యి చాపితే అందుతుంది. తీసి ఇస్తే ఆ కాగితం పట్టుకుని అతను ఇంకా ఎవరినైనా అడగగలిగేవాడేమో. నేను రిపోర్టు కాగితం మీద నెగటివ్ అని రాసి, సంతకం పెట్టి, ఇచ్చి పంపించాను.